ఏ ఆశ?

మా వాళ్ళలో బోటుకైనా బండికైనా ఇంట్లో మనిషి పేరే పెడతారు. మా మామయ్య జగ్గయ్య తన బోటుకి మా అత్త పేరు పెట్టాడు, చిట్టమ్మ అని. నేను ఈ ఇంటికి రాకముందు ఒక తుఫానులో ఆ బోటు రాళ్ళకి కొట్టుకుంది. హార్బర్ నుంచి ఎవరో పరుగున వెళ్ళి అత్త పుట్టింట్లో "చిట్టమ్మ ముక్కలైపోనాది" అన్నారట. వాళ్ళమ్మ కూర్చున్నచోటే ఒరిగిపోయిందట. మొహం మీద నీళ్ళు కొట్టి లేపితే, అత్త సేపల గంప పట్టుకుని గుమ్మంలో నిలబడుందట. ఎవరు చుట్టం చూపుకొచ్చినా ఈ కబురు చెప్పి నవ్వించేవారు మా ఇంట్లో. నేనూ నవ్వేదాన్ని.

ఆ బోటు చెక్కలతోనే మామయ్య ఇంటి పక్క షెడ్డుకి తలుపులు చేయించాడు. మొదట్లో షెడ్డులో వలలు, ఇంజను సామాను ఉండేవి. ఆయన పోయాక మా ఆయన సింహాద్రి ట్రాలీ ఆటో కొని అందులో పెట్టుకున్నాడు. హార్బర్ నుంచి ఐసు, సేపలు తోలేవాడు. ఆటో కొన్న ఏడే మా పాప పుట్టింది. పాపకి ఆశ అని పేరు పెట్టి, ఆటో వెనక డోరు మీద కూడా ఎర్రరంగుతో ఆశ అని రాయించాడు. పాప మొట్టమొదట చదివిన అక్షరాలు ఆ రెండే. నన్ను ఎనిమిదో తరగతి మధ్యలో మానిపించేశారు. పాప ఆ డోరు దగ్గర నిలబడి వేలితో దిద్దుతుంటే, వంట ఒగ్గేసి వెళ్ళి చూసేదాన్ని.

ఇప్పుడు పాపకి ఐదేళ్ళు. మొన్న వేసవికి ముందు సింహాద్రి పెద్ద వ్యాను తెచ్చాడు. అది షెడ్డులో పట్టలేదు. ముక్కు లోపలికెళ్తే తోక వీధిలో ఉండిపోయేది. మాది వన్ టౌన్, వీధి మొదట్లో ఇల్లు. అటు ఆటో వస్తే ఇటు మనిషి గోడకి అంటుకోవాలి. రోజూ ఎవరో ఒకరు హారన్ కొట్టడం, మా అత్త బయటికెళ్ళి వాళ్ళని తిట్టడం. చివరికి పాత షెడ్డు పడగొట్టి పెద్దది కట్టాలని, ఆటోని ఇచ్చేయాలని అనుకున్నారు.

ఆ సోమవారం పొద్దున్న చద్దన్నం తింటూ సింహాద్రి ఎత్తాడు ఆ మాట.

"ఆశనింకెన్నాల్లు ఎట్టుకుంటామే? ఎంత పోసినా తాగేత్తంది. పని మాత్తరం సున్నా."

"ఇచ్చీరా. అదీ ఇక్కడే ఉంటే కొత్తదానికి సోటేది?" అంది అత్త.

"సబ్బవరంలో గురునాథరావని, కూరగాయలు పండిత్తాడు. ఆడు అడిగినాడు. అమ్మేత్తాను."

"మంచోళ్ళేనా మావా?" అన్నాను నేను. "ఐదేళ్ళు మనింట్లో తిరిగినాది. బాగా సూసుకునేవోళ్ళకైతే ఇచ్చెయ్యి."

నేనే అన్నాను ఆ మాట. బండి మీద నాకూ ఇష్టమే. పురిటి నుంచి పాపని ఎత్తుకుని ఇంటికొచ్చింది ఆ ఆటోలోనే.

ఆ సోమవారం నుంచే పాప పాలు మానేసింది. గ్లాసు నోటిదాకా తెచ్చుకుని దింపేసేది. బుధవారానికి అన్నం కూడా రెండు ముద్దలకి చాలనేసింది. నాకసలే బయమెక్కువ. పాప నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. నిద్రలో కూడా నా కొంగు గుప్పిట్లోంచి వదలడం లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. దిష్టి తీశాను. ఉప్పు పొయ్యిలో చిటపటలాడింది గానీ పాప మాత్రం అలాగే ఉంది.

"నులిపురుగులై ఉంటాయే," అంది అత్త. "దీనికి గాలొచ్చినా బయమే, వానొచ్చినా బయమే. గుంట ఒకపూట తినకపోతే ఊరంతా లేపుతాది."

ఆ సాయంత్రం జడ వేస్తుంటే పాప అడిగింది, "అమ్మా, సబ్బవరంలో సముద్రం ఉంటాదా?"

"ఉండదు. పొలాలుంటాయి. నీకేలే?"

నేను రెండో జడ అల్లేసి రిబ్బను కట్టాను.

గురువారం షెడ్డు పడగొట్టడానికి పెట్టుకున్నాం. తెల్లారకముందే సింహాద్రి వ్యాను తీసుకుని హార్బర్‌కి వెళ్ళిపోయాడు. ఏడింటికి గురునాథరావు వచ్చి ఆటో తీసుకెళ్తాడు, ఎనిమిదింటికి జేసీబీ వస్తాది, అంతా అత్తకి అప్పజెప్పాడు. నేను ఆరున్నరకి లేచి చూస్తే పాప పడుకునే ఉంది. ఊపిరి చూసుకున్నాను. "గుంటని సూడత్తా, నాను డాక్టరు దగ్గరికెల్లి మందు తెత్తాను" అని చెప్పి బయల్దేరాను. అత్త షెడ్డులోంచి గంపలు ఇవతలికి లాగుతా తలూపింది. ఊపిందనే అనుకున్నాను.

మా డాక్టరు దగ్గర పొద్దున్నే జనం. నులిపురుగుల మందు సీసా చేతికొచ్చేసరికి ఎనిమిదిన్నర దాటిపోయింది. వీధి మలుపులోనే చప్పుడు వినబడింది. మా ఇంటి ముందు ధూళి లేచి, ఎండ పచ్చగా అయిపోయింది. జేసీబీ అప్పటికే రేకులు పీకేసి, ఒక గోడ పడగొట్టేసింది. రెండో గోడ మీదికి బకెట్టు ఎత్తుతున్నాడు. అత్త అరుగు మీద కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చునుంది.

"ఆశేదత్తా?" అని అరిచాను, చప్పుడులో వినబడాలని.

"ఆశెల్లిపోనాది కదే. నువ్వటెల్లినావు, అదిటెల్లినాది."

పక్కింటి జ్యోతిర్మయి రోజూ వాళ్ళబ్బాయితో పాటు మా పాపని కూడా బడికి దింపుతాది. ఈరోజు బేగి తీసుకెళ్ళిపోయిందేమో అనుకున్నాను.

"పేచీ ఎట్టలేదా?"

"పేచీయేటి. ఒక్కసారికే కదిలినాది."

"ఏవన్నా తాగిందా మరి?"

"నిండా పోసే పంపినాం. దార్లో ఆగిపోతే మనకి కదేటి మాటొచ్చేది."

నా ప్రాణం కుదుటపడింది. నాలుగు రోజుల తర్వాత పాప పాలు తాగింది. మందు సీసా చూసి నాకే నవ్వొచ్చింది. ఊరికే వెళ్ళాను అనుకున్నాను. అత్త పక్కన నిలబడి రెండో గోడ పడడం చూశాను. బోటు చెక్క తలుపులు ముందుకి ఒరిగి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "మీ మావ సూసుంటే ఏడిసీవోడు," అంది అత్త. ఐదు నిమిషాలుంటాది అంతా. ఆ ఐదు నిమిషాలు నేను నవ్వుతూనే నిలబడ్డాను.

అప్పుడు పక్క గుమ్మంలోంచి జ్యోతిర్మయి వచ్చింది. వాళ్ళబ్బాయి భుజానికి సంచి ఉంది. ఆవిడ చేతిలో నీళ్ళ సీసా.

"వొదినా, ఆశ రాదేటి ఈరోజు? టైమైపోతంది."

నేను అత్త వైపు చూశాను. అత్త నా వైపు చూసింది.

"ఆశ ఎల్లిపోనాదన్నావు కదత్తా?"

"ఆటో కదే. గురునాథరావొచ్చి తోలుకెల్లిపోనాడు."

"పిల్ల?"

"పిల్ల నీతో రాలేదేటి?" అంది అత్త. "సాప కాలీగా ఉంటే నువ్వే తీసుకెల్లినావనుకున్నాను."

ఇంట్లోకి పరిగెత్తాను. చాప మీద దుప్పటి ఒక పక్కకి తీసుంది. బడి సంచి మేకుకే ఉంది. పెరట్లో లేదు, బాత్రూములో లేదు. చెప్పులు లేవు. నా కాళ్ళు అప్పటికే షెడ్డు వైపు తిరిగిపోయాయి. పాప ఆడుకునేది అక్కడే. ఒక మూల పాత వలల కుప్ప ఉంటాది. దాని మీద ఎక్కి, కొబ్బరి చిప్పల్లో వంటలు చేసి, అక్కడే నిద్రపోయేది చాలాసార్లు. ఆ మూల మీద ఇప్పుడు గోడ ఉంది. ఇటుకల సందులోంచి ఒక కొబ్బరి చిప్ప కనబడింది, పసుపు నీళ్ళ మరకతో. ముందురోజు పాప అందులో పప్పు వండింది.

బకెట్టు కిందికి ఎలా వెళ్ళానో నాకు తెలీదు. ఇనుప పళ్ళు నా తల మీద ఆగిపోయాయి. జేసీబీ నడిపే నాగవంశీ ఇంజను ఆపేసి దిగాడు.

"సచ్చిపోతావేటమ్మా!"

ఇటుకలు చూపించాను. అత్త వెనక నుంచి అంది, "గుంట... మా గుంట లోపలుంది."

నాగవంశీ మొహంలో రంగు పోయింది. "నాను సూసినానమ్మా. తలుపు తీసి కేకేసినాను. ఎవలూ పలకనేదు. వలలుంటే వలలే అనుకున్నాను." అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్తూ చేతుల్తో ఇటుకలు తీయడం మొదలెట్టాడు. మేస్త్రీ సత్యం, వీధిలో మగాళ్ళు అందరూ వచ్చారు. ఎవరూ పలుగు పట్టుకోలేదు, చేతుల్తోనే. నేను తీస్తుంటే గోరు లేచిపోయింది. అది తెలిసింది మరుసటి రోజు.

ఎవరో నా ఫోనులో సింహాద్రికి కలిపి నా చెవి దగ్గర పెట్టారు. వెనకాల సేపల వేలంపాట గోల, అరుపులు.

"మావా, ఆశ షెడ్డులో ఉండిపోనాది. గోడ పడిపోనాది."

"ఏటే? ఆశనెప్పుడో తోలుకెల్లిపోనాడు కదా."

"ఆశ మావా, ఆశ."

"అదే సెప్తన్నాను కదే, బండి లోపల లేదు, పడగొట్టీమను..."

"పిల్ల మావా," అన్నాను. "మన పిల్ల."

అవతల సేపల పాట వినబడుతూనే ఉంది.

ఆయన వచ్చేలోపు గోడ సగం తీశారు. వలల కుప్ప అంచు కనబడింది. దాని మీద అడ్డంగా బోటు చెక్క తలుపు. అది ఎత్తడానికి నలుగురు కావాలి. సత్యం అన్నాడు, "నిదానంగా బాబూ, కింద ఏదున్నాదో తెలీదు." ఏదున్నాదో అన్నాడు. ఎవరున్నారో అనలేదు. ఆ మాట నేను విన్నాను.

అప్పుడే నా ఫోను మోగింది. కొత్త నంబరు. చేతికంటిన మట్టితోనే నొక్కాను.

"అమ్మా, నాను సబ్బవరం నుంచి గురునాథరావుని. సింహాద్రి ఎత్తటం లేదు. ఆశ ఇక్కడ మా ఇంటి దగ్గరున్నాదమ్మా, కంగారు..."

"ఉంటే ఉండనీ అన్నా, ఇప్పుడు బండి సంగతి మాటాడకు," అని పెట్టేశాను.

మళ్ళీ మోగింది. కట్ చేశాను. మళ్ళీ మోగింది. ఆ మోత వింటూనే తలుపు ఎత్తడం చూస్తన్నాను. సింహాద్రి పరుగున వచ్చి, ఏం జరిగిందని అడక్కుండానే తలుపు కిందికి భుజం పెట్టేశాడు. ఒళ్ళంతా ఐసు నీళ్ళు కారతన్నాయి. తలుపు లేచింది. సత్యం వంగి వల పక్కకి లాగాడు. ఒక మడత, ఇంకో మడత. కొబ్బరి చిప్పలు. పాప గులాబీరంగు తువ్వాలు. ఇంకో మడత. కింద నేల.

సింహాద్రి తువ్వాలు తీసి దులిపి, మడత పెట్టాడు. ఎందుకు మడత పెడతన్నాడో ఆయనకీ తెలీదు.

ఫోను అత్త తీసుకుని ఎత్తింది. చెవికి పెట్టుకుని వింది. మొహం చూస్తే ఏదీ తెలీలేదు.

"ఏ ఆశ?" అని అడిగింది అత్త. "ఏ ఆశ బాబూ? సక్రాలున్నదా, కాళ్ళున్నదా?"

తర్వాత ఫోను నా చెవికి అంటించింది. గురునాథరావు చెప్తన్నాడు, "పోను పెట్టీకమ్మా ఈసారి. రెండు జడల పిల్ల, ఎర్ర రిబ్బన్లు. ఇంటికొచ్చి టార్పాలిన్ తీత్తే లోన కూకునుంది. ఉండు, మాటాడిత్తాను." కొంతసేపు కోడి అరుపు. తర్వాత పాప గొంతు.

"అమ్మా."

ఆ ఇటుకల మీదే కూర్చుండిపోయాను. నా పక్కన నాగవంశీ తల పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడుస్తా కూర్చున్నాడు.

సింహాద్రి, నేను సబ్బవరం బయల్దేరాం. వ్యానులో ఐసు కరిగి దారంతా కారింది. నేను ఒక్కటే అనుకుంటన్నాను. ఆటల్లో ఎక్కుంటాది, నిద్రపట్టేసుంటాది. రెండు దెబ్బలు వేసి, తర్వాత ఎత్తుకోవాలి. ముందు దెబ్బలా, ముందు ఎత్తుకోవడమా, దారంతా అదే.

గురునాథరావు ఇల్లు బెండతోట పక్కన. అరుగు మీద ఆయన భార్య దేముడమ్మ, పక్కన మా పాప. ఒళ్ళో ఒక క్యారీ బ్యాగు పట్టుకుని కూర్చునుంది. మమ్మల్ని చూసి లేవలేదు. పరిగెత్తి రాలేదు. నేను వెళ్ళి ఎత్తుకుంటే బిగుసుకుపోయింది.

"ఎందుకొచ్చినారు?" అంది.

"ఏటే ఆ మాట?"

"అమ్మేసినారు కదా నన్ను."

నాకు అర్థం కాలేదు. అప్పటికీ కాలేదు.

"నాను ఎక్కువ తాగేత్తన్నానని నాన్న అన్నాడు కదా. పాలు మానేసినాను. అయినా అమ్మేసినారు." తల వంచుకుని క్యారీ బ్యాగు ముడి విప్పుతూ చెప్పింది. "ఆడు నవ్వుకుంటా వచ్చినాడు, మామ్మ ఆశని తీసుకెల్లిపో అంది. ఎవలూ సూడకుండా నానే ఎనక ఎక్కేసినాను. ఏడవనేదు."

సంచిలో రెండు గౌన్లు, పలక, నా దువ్వెన ఉన్నాయి.

సోమవారం పొద్దున్న పాప ఎక్కడుందో నాకు అప్పుడు గుర్తొచ్చింది. వంటింటి గుమ్మంలో, పాలగ్లాసు పట్టుకుని. మేం ముగ్గురం మాట్లాడుకుంటన్నప్పుడు అక్కడే ఉంది. బాగా సూసుకునేవోళ్ళకైతే ఇచ్చెయ్యి అన్నది నేను. సబ్బవరంలో సముద్రం లేదు, నీకేలే అన్నదీ నేనే. నాలుగు రోజులు నా పక్కలోనే పడుకుని, నా కొంగు పట్టుకుని, తనని అమ్మేస్తన్నారని తెలిసి, ఎవరికీ చెప్పలేదు. నేను నులిపురుగులకి మందు తెచ్చాను.

దేముడమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గురునాథరావు మెల్లగా చెప్పాడు, "నువ్వెవలమ్మా అంటే, ఆశని అంది. ఆశంటే ఈ బండి కదమ్మా అన్నాను. నాను కూడా ఆశే, అంది."

"బండినే అమ్మినామే," అన్నాను. "బండి పేరు ఆశ. నిన్నెవరే అమ్మేది?"

"బండీ ఆశే, నానూ ఆశే. ఏ ఆశని అమ్మినారో నాకెలా తెలుత్తాది?"

సింహాద్రి అంతవరకు ఆటో దగ్గర నిలబడున్నాడు. డబ్బాలోంచి స్పానరు తీసి, వెనక డోరు మీద రంగు గీకడం మొదలెట్టాడు. గరగర చప్పుడు. అప్పుడు ఏడ్చింది పాప. ఫోనులో ఏడవలేదు, మమ్మల్ని చూసి ఏడవలేదు. "నా పేరు, నా పేరు" అని ఊపిరి అందకుండా ఏడ్చింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. స్పానరు కింద పడేసి, డోరుకి నుదురు ఆనించి నిలబడిపోయాడు.

"ఒగ్గేయ్ బావా," అన్నాడు గురునాథరావు. "ఉండనీ. పేరు మోసే బండే కదా."

దేముడమ్మ గ్లాసుతో పాలు తెచ్చింది. పాప నా మొహం చూసింది. తాగొచ్చా అని అడిగే చూపు. నేను తలూపాను. సగం తాగి, మళ్ళీ చూసింది. మళ్ళీ ఊపాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఊపుతూనే ఉన్నాను.

వచ్చేటప్పుడు వ్యానులో మా ఇద్దరి మధ్యా కూర్చుని అడిగింది. "కొత్త షెడ్డు పెద్దదే కదమ్మా? అందులో నాకు సోటుంటాదా?"

కొత్త షెడ్డు లేచింది. సత్యం మేస్త్రీ పునాది నుంచి కట్టాడు. పైన కొత్త రేకులు, ముందు షట్టరు. వ్యాను తోక కూడా లోపలే ఉంటాది, ఇంకా నాలుగడుగులు మిగిలింది. ఆ నాలుగడుగుల్లో సింహాద్రి వలల కుప్ప పెట్టనివ్వలేదు. సిమెంటుతో గట్టు కట్టించి, పాప కొబ్బరి చిప్పలు వరసగా పెట్టించాడు. పాప మాత్రం ఇంకా అక్కడ ఆడటం లేదు. అరుగు మీదే ఆడుకుంటాది.

పెయింటరు వచ్చి వ్యాను మీద ఏ పేరు రాయమంటారని అడిగితే, "నంబరుంది కదా, చాలు" అన్నాడు సింహాద్రి. బోటు కబురు మా ఇంట్లో ఇప్పుడెవరూ చెప్పరు. మొన్నెవరో చుట్టాలొచ్చి గుర్తు చేస్తే, అత్త లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తెల్లారకముందు వ్యాను తీసేటప్పుడు సింహాద్రి ముందు టార్పాలిన్ ఎత్తి చూస్తాడు. తర్వాత సీట్లో కూర్చుని, అద్దం దించి, ఇంటి వైపు తిరిగి కేకేస్తాడు, "ఆశా."

లోపల నుంచి నిద్ర గొంతుతో "ఉన్నాను నాన్నా" అని వినబడితేనే తాళం తిప్పుతాడు.

ఒక్కోరోజు పాప మెలకువగా ఉండి కూడా వెంటనే పలకదు. నా పక్కనే పడుకుని, నా కళ్ళలోకి చూస్తూ, నోరు మూసుకుని ఉంటాది. బయట ఆయన రెండోసారి పిలవడు. ఆగుతాడు. నేనూ ఏదీ అనను.